పాతింటి గడప అమెరికా పంపమంటోంది మేనకోడలు, ఏం చెయ్యమంటారు?

బ్రాడీపేట_బాబాయ్
మా పాతిల్లు బిల్డరుకి ఇచ్చేశాం. వచ్చే నెల పడగొడతారు. పాతసామాన్లతను వచ్చి దూలాలు, తలుపులు, కిటికీ చువ్వలు అన్నీ చూసుకుని అడ్వాన్సు కూడా చేతిలో పెట్టి వెళ్లాడు. సరిగ్గా ఆ రాత్రే షికాగో నుంచి మా మేనకోడలు ఫోను. "మావయ్యా, వీధి గడప మాత్రం అమ్మకండి. నాకు కావాలి, పంపండి" అని.

ఈ పిల్ల ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేరు చేసి, హఠాత్తుగా మానేసి ఆర్టు కాలేజీలో చేరింది. ఇప్పుడు చదువు చివర్లో ఒక ప్రదర్శన పెట్టాలట. ఖాళీ తెల్లగదిలో నేలమీద మా గడప ఒక్కటే ఉంటుందట. వెనకనుంచి మా అమ్మ గొంతు వినిపిస్తుందట: "ఎవరూ?", "కాళ్లు కడుక్కుని రా", "గడపమీద కూచోకు, అప్పులవుతాయి". చూడొచ్చినవాళ్లు ఆ గడప దాటి లోపలికి వెళ్లాలి. లోపల ఏముంటుందే అంటే, ఏమీ ఉండదు మావయ్యా, అదే పాయింటు అంది.

మా అమ్మకి 84. విషయం చెబితే ఆవిడ ఒక్కటే మాట: "ఇల్లు లేని గడప ఏం గడపరా?"

నాకున్న కడుపుమంట వేరు. ఇల్లు ఇచ్చేద్దామా అని ఇంటిల్లిపాదినీ అడిగినప్పుడు అక్కడినుంచి "మీ ఇష్టం" అన్నారు. ఇప్పుడేమో మూలాలు, వారసత్వం, అస్తిత్వం అంటూ పెద్దపెద్ద మాటలు. ఇక్కడే పుట్టి ఇక్కడే ఉన్న మాకు అస్తిత్వం లేదా? మమ్మల్నెవరూ తెల్లగదిలో పెట్టరేం? పంపాలా వద్దా, అసలిది కళేనా, తెలిసినవాళ్లు చెప్పండి.

తెనాలి_తుంటరి
గడపతోపాటు బిల్డరుని కూడా పంపండి. అదీ వారసత్వమే.

రెండో_బెంచి
లోపల ఏమీ లేకపోవడమే పాయింటు అయితే మా హాస్టల్ మెస్ పెద్ద కళాఖండం.

వన్‌టౌన్_వాసు
బాబాయ్ గారూ, పంపొద్దు. నా మాట కొంచెం కటువుగా ఉంటుంది, ఏమనుకోకండి. మా అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు. ఫొటోలు తీస్తాడు. రెండేళ్లక్రితం వచ్చి మా అమ్మ చేతుల్ని నలుపుతెలుపులో యాభై రకాలుగా తీసుకెళ్లి అక్కడెక్కడో గోడకి కట్టాడు. కింద పేరు "అమ్మ చేతులు". చూసినవాళ్లు ఏడ్చారట. మంచిదే. ఆ చేతులకి నెలకి రెండుసార్లు గోళ్లు తీసేది నేను. వణుకుతాయి, కదలకుండా పట్టుకోవాలి. ఆ సంగతి ఏ ఫొటోలోనూ లేదు. వెళ్లినవాళ్లకి జ్ఞాపకం మిగిలింది, మాకు పని మిగిలింది. వీళ్లు మనల్ని అమ్ముకుంటున్నారనిపిస్తుంది ఒక్కోసారి.

కొత్తపేట_కోడలు
వాసు గారూ, చదివి ఒక్క నిమిషం ఫోను పక్కన పెట్టేశాను.

డ్రాయింగ్_మాస్టారు
నేను హైస్కూల్లో 31 ఏళ్లు డ్రాయింగు చెప్పి రిటైరయ్యాను. "ఇది కళేనా" అన్నదానికి నాకు చేతనైనంత చెబుతాను, కాస్త పొడుగవుతుంది.

జరీనా హష్మీ అని ఒకావిడ. 1937లో అలీగఢ్‌లో పుట్టింది. దేశవిభజన తర్వాత కొన్నేళ్లకి వాళ్లవాళ్లు పాకిస్తాన్ వెళ్లిపోయారు. ఆవిడ ఊళ్లు తిరిగి తిరిగి చివరికి న్యూయార్కు చేరింది. 1999లో 36 చెక్క అచ్చులు వేసింది. ఒక్కో కాగితంమీద ఒక్కో ఉర్దూ మాట, పైన నాలుగు నల్లగీతలు. గడప, వాకిలి, తలుపు, గోడ లాంటి మాటలు. ఆ మొత్తానికి ఆవిడ పెట్టిన పేరుని మన భాషలో చెప్పాలంటే "ఇల్లు ఒక పరాయి చోటు". ఇంటి బొమ్మ ఎక్కడా ఉండదు. ఇంటి నక్షాలో గీతలు ఉంటాయే, అలా ఉంటాయంతే. అయినా చూస్తుంటే ఎవరి ఇల్లు వాళ్లకి గుర్తొస్తుంది. నేను చూసింది పుస్తకంలోనే లెండి, గుంటూరులో కూచుని న్యూయార్కు ఎక్కడ చూస్తాం.

కొరియా నుంచి వెళ్లిన దో హో సూ అనే ఆయన ఇంకో రకం. సియోల్‌లో తను పెరిగిన ఇంటిని గుమ్మాలతో, కిటికీలతో సహా పల్చటి బట్టతో అదే కొలతల్లో కుట్టించాడు. మడిచి సూట్‌కేసులో పెట్టుకుపోవచ్చు. ఇల్లు మోసుకెళ్లాలన్న కోరిక మీ మేనకోడలికి కొత్తగా పుట్టింది కాదు. ఆయన బట్టతో కుట్టుకున్నాడు, ఈ అమ్మాయి అసలుదే అడుగుతోంది. అదొక్కటే తేడా.

తెనాలి_తుంటరి
బట్ట ఇల్లయితే కొరియరు చార్జీలు కలిసొచ్చేవి. బాబాయ్ గారిది టేకా, వేపా?

బ్రాడీపేట_బాబాయ్
టేకు. బర్మా టేకు అంటుంది అమ్మ. అయిదడుగుల పొడుగు. ఇద్దరు మనుషులు ఎత్తాలి.

రెండో_బెంచి
బర్మా నుంచి వలసొచ్చిన గడప ఇప్పుడు అమెరికాకి వలస పోతోంది. దానికి గ్రీన్‌కార్డు అప్లై చెయ్యండి ముందు.

సరుకు_రవాణా
నవ్వులాటకి కాదు, కాగితాల సంగతి చెబుతాను. నేను విజయవాడలో ఎగుమతి క్లియరెన్సు పనిలో ఉంటాను. ఆ ఇల్లు కట్టి ఎన్నేళ్లయింది బాబాయ్ గారూ? 1972 నాటి పురావస్తువుల చట్టం ఒకటుంది. నూరేళ్లు దాటిన వస్తువుని మామూలు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. విగ్రహాలే కాదు, కట్టడంనుంచి ఊడదీసిన ఏ వస్తువైనా అందులోకే వస్తుంది. చేతిరాత గ్రంథాలకైతే 75 ఏళ్లు చాలు. నూరేళ్లు నిండలేదంటారా, అనుమానం రాకుండా పురావస్తు శాఖవాళ్లకి చూపించి ఇది పురావస్తువు కాదని సర్టిఫికెట్టు తీసుకోవడం మంచిది. పైగా ప్యాకింగ్ చేసే చెక్కపెట్టెని 56 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి ముద్ర వేయించాలి. గడపకి చెద ఉందనుకోండి, అక్కడి రేవులో ఆపేసినా ఆశ్చర్యం లేదు. ఖర్చు తడిసి మోపెడవుతుంది.

బ్రాడీపేట_బాబాయ్
అమ్మ కాపరానికొచ్చేటప్పటికే ఇల్లు ఉంది. అంతవరకే తెలుసు. మా తాతగారు కట్టించారంటారు. కాగితాలు వెతకాలి.

వన్‌టౌన్_వాసు
చూశారా, గవర్నమెంటు కూడా పంపొద్దంటోంది. మాస్టారు చెప్పినవాళ్లు గొప్పవాళ్లే, కాదనను. కానీ పైదేశం వెళ్లిన ప్రతి కళాకారుడూ అమ్మమ్మ, ఆవకాయ, అరుగు, ఇవే ఎందుకు వెయ్యాలి? అక్కడ షికాగోలో మంచు లేదా, రైళ్లు లేవా? అక్కడివాళ్లు వీళ్ల దగ్గర అదే కోరుకుంటారు, వీళ్లు అదే వండి వడ్డిస్తారు. మెనూకార్డు అస్తిత్వం.

డ్రాయింగ్_మాస్టారు
ఈ ఒక్కదానిమీద వాసుతో సగం ఏకీభవిస్తాను. అందరూ అలా వెయ్యలేదు. కృష్ణారెడ్డి గారని, మన చిత్తూరు జిల్లాలో 1925లో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యుడు. లండన్, పారిస్ తిరిగి న్యూయార్కులో స్థిరపడి 2018లో అక్కడే పోయారు. లోకంలో అచ్చుచిత్రాలు వేసే ప్రతివాడికీ ఆయన పేరు తెలుసు, మన జిల్లా డ్రాయింగు మాస్టర్లలో సగంమందికి తెలీదు. ఆయన అచ్చుల్లో తులసికోట, ఎద్దులబండి కోసం వెతికితే దొరకవు. నీళ్లు, కెరటాలు, పురుగులు, సర్కస్ బఫూన్. మరి ఆయన తెలుగువాడు కాకుండా పోయాడా?

ఆయన పారిస్‌లో తోటి కళాకారులతో కలిసి పట్టుకున్న కిటుకు వినండి. అంతకుముందు రంగుకొక పలక చేసుకుని ఒకదాని తర్వాత ఒకటి అద్దేవారు. ఈయన ఒకే లోహపు పలకని ఎత్తుపల్లాలుగా చెక్కి, రంగుల్లో అవిసెనూనె ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ కలిపి, మెత్తటి రోలరుతో ఒకటి, గట్టి రోలరుతో ఒకటి ఎక్కించారు. జిగట తేడావల్ల రంగులు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఒకే పలకమీద, ఒకే అదుముతో అన్ని రంగులూ, ఏదీ దేనిలోనూ కలిసిపోకుండా వస్తాయి.

మన గుడివాడలో 1936లో పుట్టిన ఎస్.వి. రామారావు గారూ అంతే. 1962లో స్కాలర్‌షిప్పుమీద లండన్, అక్కడినుంచి షికాగో. వేసింది నైరూప్య చిత్రాలు. 2001లో పద్మశ్రీ వచ్చింది. వాటిల్లో గుడివాడ ఎక్కడుందంటే వేలు పెట్టి చూపించలేం.

తెనాలి_తుంటరి
మాస్టారు అవిసెనూనెలోంచి ప్రవాసాంధ్రుల్ని తీస్తారని ఎదురుచూశా. తియ్యకుండా వదిలేశారు. దండం.

డ్రాయింగ్_మాస్టారు
తీద్దామనే అనుకున్నా. నువ్వున్నావని ఆగా.

డల్లాస్_దేవి
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. వాసు గారి మాట గుచ్చుకుంది, అబద్ధం కానందుకు ఇంకా గుచ్చుకుంది. నేను పటమటలో పెరిగాను, 1998లో ఇక్కడికొచ్చాను. నేను ఆర్టిస్టుని కాదు, బ్యాంకులో ఉద్యోగం. శనాదివారాలు కలంకారీ నేర్పుతాను, పదిమంది పిల్లలు వస్తారు.

మీకు తెలియని సంగతి ఒకటి చెప్పనా. మేం వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఊరు మా దగ్గర 1998లోనే ఆగిపోయింది. నేను మా అమ్మాయికి నేర్పిన తెలుగు అప్పటిదే. మొన్న విజయవాడ వచ్చినప్పుడు అది "పంపు కట్టెయ్", "అలమర్లో ఉంది" అంటుంటే మా తమ్ముడి పిల్లలు పడీపడీ నవ్వారు. వాళ్లు ట్యాప్ అంటున్నారు, కబోర్డ్ అంటున్నారు. మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. అక్కడ ఇండియన్ అంటారు, ఇక్కడ అమెరికా పిల్ల అంటారు, మరి నేను మాట్లాడే భాష ఎవరిదమ్మా అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. బాబాయ్ గారి మేనకోడలు గడప అడగడం నాకు వింతగా లేదు. మేం రోజూ గడపమీద కూచునేవాళ్లమే. అప్పులైతే ఉన్నాయి లెండి, ఇంటి లోను.

వాసు గారూ, మీ అన్నయ్య ఆ ఫొటోల్లో ఒక్కటైనా మీరు గోళ్లు తీస్తున్నప్పుడు తియ్యాల్సింది. అది తప్పే.

వన్‌టౌన్_వాసు
దేవి గారూ, మీమీద కోపం లేదు. అన్నయ్యకి ఈ ముక్క చెప్పలేక ఇక్కడ చెప్పా.

పొణికి_చెక్క
మాది కొండపల్లి. బొమ్మలు చేస్తాం. అందరూ "మన కొండపల్లి బొమ్మ, మన తెలుగు సంస్కృతి" అంటారు, వింటానికి బాగానే ఉంటుంది. మా పెద్దలు చెప్పేది వేరు. నాలుగొందల ఏళ్లకిందట మావాళ్లు రాజస్థాన్ నుంచి వచ్చారంట. ఇక్కడ తెల్లపొణికి చెక్క దొరికింది. తేలిగ్గా ఉంటది, ఉలికి లొంగుద్ది. చింతగింజల పిండిలో రంపప్పొట్టు కలిపి మక్కు చేసి ముక్కలు అతికిస్తాం. దశావతారాలు, అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కే గీతకార్మికుడు. ఇవన్నీ చేసింది వలసొచ్చినోళ్ల చేతులే. మా ముత్తాతల ముత్తాతలు రాజస్థాన్ ఒంటెలే చేస్తా కూచుంటే మీకీ బొమ్మల కొలువు ఉండేది కాదుగా. అక్కడికెళ్లినోళ్లు అక్కడి చెట్టు చూసుకోవాలి. మా చెక్కకే ఇప్పుడు కరువొచ్చింది, అదింకో కత.

రెండో_బెంచి
ఈ ఒక్క పోస్టుకి నేను నోరు మూసుకుంటున్నా.

కొత్తపేట_కోడలు
తోలుబొమ్మలాటవాళ్లూ అంతే కదండీ. రామాయణం తెలుగులో ఆడతారు, వాళ్లలో చాలా కుటుంబాలు ఇంట్లో మాట్లాడుకునేది ఆరె మరాఠీ.

మంగళగిరి_మాధవ్
అయితే త్యాగరాజు కూడా వలస కళాకారుడే. కాకర్ల ఇంటిపేరు, ఆ ఊరు మన ఆంధ్రాలోనే ఉంది. తిరువయ్యారులో కూచుని తెలుగులో రాశాడు.

సరుకు_రవాణా
మాధవ్ గారూ, చిన్న సవరణ. వలస వెళ్లింది పూర్వీకులు. ఆయన పుట్టింది తిరువారూరులో, 1767. ఆయనది అక్కడ పుట్టిన తరం.

తెనాలి_తుంటరి
అంటే దేవి గారి అమ్మాయి టైపు. చుట్టూ అరవం, ఇంట్లో తెలుగు.

డల్లాస్_దేవి
మా అమ్మాయికి ఈ పోస్టు చదివి వినిపించాను. "సో ఐయామ్ త్యాగరాజా?" అంటోంది. తుంటరి గారూ, పాపం మీదే.

డ్రాయింగ్_మాస్టారు
మెలట్టూరు సంగతి ఇంకా చిత్రం. తంజావూరు దగ్గర ఊరు. అచ్యుతప్ప నాయకుడు భూములిచ్చి మన భాగవతుల కుటుంబాల్ని అక్కడ కుదిర్చాడంటారు. ఇప్పటికీ నృసింహ జయంతికి ప్రహ్లాద చరిత్ర ఆడతారు, తెలుగులో. ఆడేవాళ్లంతా మగవాళ్లే, ఇంట్లో మాట్లాడేది తమిళం. నాలుగు వందల ఏళ్లు, మాట మర్చిపోయి పాట మిగుల్చుకున్నారు. మరి అది మన వారసత్వమా, వాళ్లదా? మన కూచిపూడి ఊరు దాటింది కూడా వలసవల్లనే. వెంపటి చినసత్యం గారు మద్రాసు వెళ్లి 1963లో అకాడమీ పెట్టకపోతే ఇవాళ డల్లాస్‌లో ఎవరు నేర్చుకునేవాళ్లు?

వన్‌టౌన్_వాసు
మాస్టారూ, మెలట్టూరువాళ్లు తీసుకెళ్లింది నెత్తిలో ఉన్న ఆటని. ఇక్కడ ఆట తగ్గలేదు. గడప అలా కాదు. తీసుకెళ్తే ఇక్కడ ఉండదు. మన అమరావతి బౌద్ధస్తూపం రాళ్లు గుర్తు తెచ్చుకోండి. 1845లో ఎలియట్ దొర తవ్వించి మద్రాసు పంపాడు, అక్కడినుంచి 1859లో లండన్. నూటికి పైగా ముక్కలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కొన్ని మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో. మనూరి శిల్పం చూట్టానికి మనం పాస్‌పోర్టు తీసుకోవాలి. గడప పంపి మళ్లీ అదే పని మన చేత్తో మనం చేద్దామా?

మంగళగిరి_మాధవ్
దొర తవ్వకముందు ఏం జరిగిందో కూడా చెప్పండి. 1790లలో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతి కట్టిస్తుంటే ఆ దిబ్బలోంచే రాళ్లు తీశారు. కొన్ని మెట్లకి, గోడలకి పోయాయి, కొన్నిటిని కాల్చి సున్నం చేశారు. ఎత్తుకుపోవడం తప్పే, నేనేం వెనకేసుకు రావట్లేదు. కానీ సున్నం చేసినవాళ్లం మనమే. బాబాయ్ గారు దూలాలు పాతసామాన్లకి అమ్మేశారు, గడప దగ్గరికొచ్చేసరికి వారసత్వం గుర్తొచ్చింది.

బ్రాడీపేట_బాబాయ్
మాధవ్ గారూ, దెబ్బ తగిలింది. నిన్నటినుంచి నేనూ అదే అనుకుంటున్నా. ఆ పిల్ల అడక్కపోతే గడప కూడా ఆటో ఎక్కేది. ఎంతకి బేరమైందో చెప్పడానికి సిగ్గేస్తోంది.

కొత్తపేట_కోడలు
అందరూ అస్తిత్వం, చట్టం అంటున్నారు. నాకు తట్టింది ఒకటి అడుగుతా. అక్కడివాళ్లు బూట్లేసుకుని గడప తొక్కుతారా? శుక్రవారం శుక్రవారం పసుపు రాసి బొట్టు పెట్టిన చెక్క అది. పెద్దావిడ బాధ అదేనేమో.

ఇంకొకటి. గడప అంటే మీకు లక్ష్మీదేవి. కుడికాలు పెట్టి లోపలికొచ్చినదాన్ని, నాకు కొంచెం వేరేగా కనపడుతుంది. "గడప దాటకు", "గడపలో నిలబడకు, ఎవరైనా చూస్తారు". పెళ్లైన కొత్తలో ఈ మాటలు విని విని ఆ చెక్క చూస్తేనే చిరాకేసేది. మా అత్తగారు మంచావిడే, ఆవిడకీ ఎవరో అలాగే చెప్పారు. మీ మేనకోడలు గడప దాటించాలనుకుంటున్నది ఆ మాటకేనేమో? లోపల ఏమీ ఉండదు అందంటే ఏదో ఉంది. అడిగారా ఆ పిల్లని?

బ్రాడీపేట_బాబాయ్
అడగలేదమ్మా. ఎందుకు కావాలే అని ఒక్కసారి కూడా అడగలేదు, ఎంత ఖర్చవుద్దో తెలుసా అన్నానంతే. రాత్రికి ఫోను చేస్తా.

తెనాలి_తుంటరి
ఈలోపు ఒక పక్కమాట. బ్రాడీపేటలో ఏ లైను మీది? మంచి టిఫిను ఎక్కడ దొరుకుతుందో ఎవరూ మాట్లాడకుండా గుంటూరు చర్చ ఇంతదూరం రావడం ఇదే మొదటిసారి.

రెండో_బెంచి
టాపిక్ మార్చొద్దు. (పేరు చెప్పండి కానీ.)

డ్రాయింగ్_మాస్టారు
ఫోను వచ్చేలోపు వాసుకి ఇంకొక జవాబు బాకీ ఉంది. యింకా షోనిబరే అని లండన్‌లో పుట్టి నైజీరియాలో పెరిగి మళ్లీ లండన్ చేరిన కళాకారుడున్నాడు. రంగురంగుల ఆఫ్రికా బట్టతో పాతకాలపు దొరల దుస్తులు కుట్టించి తలలేని బొమ్మలకి తొడుగుతాడు. తమాషా ఏంటంటే ఆ బట్ట ఆఫ్రికాది కాదు. జావావాళ్ల మైనపు అద్దకం బట్ట బాతిక్‌ని చూసి డచ్చివాళ్లు మిషన్లమీద అచ్చువేసి పశ్చిమాఫ్రికాలో అమ్మారు. ఆఫ్రికావాళ్లు తమదిగా చేసుకున్నారు. ఎవరి బట్ట ఎవరి అస్తిత్వం? వాసు అన్న మెనూకార్డుని ఆయన ముందే చదివి ఎగతాళి చేశాడు. అందరూ వండి వడ్డించరు, కొందరు వంటగదిలోకి లాక్కెళ్లి చూపిస్తారు.

డల్లాస్_దేవి
మా క్లాసులో మొదటిరోజు నేను చెప్పేది ఇదే మాస్టారూ. మన బందరు కలంకారీలో తీగలు, పూలు సగం పారశీకం. పర్షియాకి, యూరప్‌కి ఎగుమతి చేస్తూ కొనేవాళ్ల మెప్పుకోసం వేసినవి. పిల్లలు అచ్చం మనదే అనుకుని వేస్తారు. అది తెలిశాక ఒకడు పువ్వు మధ్యలో బ్లూబానెట్ అనే టెక్సాస్ పువ్వు వేశాడు. మొదట వద్దందామనుకున్నా. ఆ తర్వాత ఊరుకున్నా.

బ్రాడీపేట_బాబాయ్
మాట్లాడాను. గంటంబావు. కొత్తపేట కోడలు గారికి నమస్కారం పెట్టమంది.

ఆ పిల్ల ఏడో తరగతిలో ఉన్నప్పుడు వేసవి సెలవులకి ఇక్కడికొచ్చేది. ఆ ఏడు పెద్దమనిషైంది. మూడురోజులు వెనకగదిలో కూచోబెట్టి గడప దాటొద్దన్నారు. మేమంతా పెరట్లో మామిడికాయలు కోసుకుంటున్నాం, అది గడప ఇవతల నిలబడి చూసిందట. నాకు గుర్తులేదు. అమ్మకి గుర్తుంది. నాలుగోరోజు తలంటి, చెయ్యి పట్టుకుని వీధి గడప దాటించి గుడికి తీసుకెళ్లింది అమ్మే. ఆ దాటడం ఇప్పటికీ కాళ్లకి తెలుసు మావయ్యా, అంది. ప్రేమో కోపమో తేల్చుకోలేకే ఇది చేస్తున్నాను అంది. చెప్పులు విప్పి దాటాలని బోర్డు పెడుతుందట, తొక్కకూడదని కూడా.

అమ్మ పక్కనే ఉండి అంతా వింది. ఫోను పెట్టాక చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మామిడికాయలు దానికి పెట్టలేదంట్రా?" అంది.

వన్‌టౌన్_వాసు
సరే. నేను నా "పంపొద్దు" వెనక్కి తీసుకుంటున్నా.

సరుకు_రవాణా
నా చట్టం వెనక్కి పోదు. ఏడాది తేల్చారా?

బ్రాడీపేట_బాబాయ్
కాగితాలు దొరకలేదు. కానీ ఇవాళ వడ్రంగి వచ్చి ద్వారబంధం మీద పాత పెయింటు గీకాడు. ఆకుపచ్చ, దానికింద నీలం, దానికింద ఇంకో ఆకుపచ్చ. అన్నిటికిందా పైకమ్మీమీద చెక్కిన అక్షరాలు: "శ్రీ రామ. రక్తాక్షి". అంకెలేం లేవు. రక్తాక్షి సంవత్సరం ఎప్పుడు?

డ్రాయింగ్_మాస్టారు
1984-85 రక్తాక్షి. అరవై ఏళ్లు వెనక్కెళ్తే 1924-25. మీ అమ్మగారు కాపరానికి వచ్చేసరికే ఇల్లుందన్నారుగా, అంటే రెండోదే. నూరు నిండింది.

సరుకు_రవాణా
అయితే అయిపోయింది. ద్వారబంధంతోపాటే పెట్టిన గడప కదా. కదల్చకండి. ఎవరైనా నేను పంపిస్తానంటే నమ్మకండి.

రెండో_బెంచి
గడప వీసా రిజెక్టు.

డ్రాయింగ్_మాస్టారు
వెళ్లేదారి ఇంకొకటుంది. శాసనాలు చదివేవాళ్లు రాయిని ఇంటికి తీసుకెళ్లరు కదా. రాతిమీద తడికాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి అక్షరాల్లోకి దిగేట్టు చేసి, పైన సిరా అద్దుతారు. ఆరాక తీస్తే రాయి మొత్తం కాగితంమీదికి వస్తుంది. గడపకి తడి వద్దు. పొడి కాగితం పరిచి బొగ్గుతో రుద్దితే చాలు. నూరేళ్ల పాదాల అరుగుదల, పసుపు పేరుకున్న గుంటలు, మేకు దిగిన చోటు అన్నీ వస్తాయి. చుట్టి సంచిలో పెట్టుకుపోవచ్చు. కాగితం నేను తెస్తా. ఆదివారం ఖాళీయేనా?

వన్‌టౌన్_వాసు
నేనూ వస్తా. విజయవాడ నుంచి ఎంతసేపు.

బ్రాడీపేట_బాబాయ్
ఆదివారం సంగతి రాయమని అందరూ మెసేజీలు పెడుతున్నారు. మాస్టారు పొద్దున్నే చుట్ట కాగితంతో వచ్చారు. వాసు గారు వాళ్లమ్మగారిని కూడా కారులో తీసుకొచ్చారు. పెద్దవాళ్లిద్దరూ అరుగుమీద కూచుని మా అందరి పనికీ వంకలు పెట్టారు. షికాగోలో రాత్రి పది దాటింది, మేనకోడలు వీడియోలో ఉంది. బొగ్గు గట్టిగా రుద్దొద్దు, పడుకోబెట్టి రుద్దండి అని అక్కడినుంచి అజమాయిషీ. మొదటి కాగితం చిరిగింది. రెండోది నేను పాడుచేశా. మూడోదానికి మధ్యలో ఒక పల్లం తేలింది, గిన్నెలాగా. నూరేళ్లు ఒకే చోట కాలు పెట్టారన్నమాట అందరూ. ఇన్నాళ్లూ దాటుతూనే ఉన్నా నాకు కనపడలేదు.

అమ్మ ఏం చేసిందో చెప్పాలి. అంతా అయ్యాక, ఆ కాగితానికి రెండు చివర్లా పసుపు రాసింది. మాస్టారు ఆపబోయి ఆగిపోయారు. మేనకోడలు అటునుంచి, "అమ్మమ్మా, అది అలాగే ఉండనీ" అంది. లోపల ఏమీ ఉండదన్న గదిలో ఇప్పుడు ఒక జాడీ పెడుతుందట. ఏం జాడీ అంటే చెప్పట్లేదు.

వాసు గారు వాళ్లమ్మగారి చెయ్యి పట్టుకుని గడప దాటిస్తుంటే మాస్టారు ఫొటో తీశారు.

వన్‌టౌన్_వాసు
అన్నయ్యకి పంపా. ఫోను చేశాడు. ఇంకేం రాయను.

డల్లాస్_దేవి
నేను డిసెంబరులో వస్తున్నా. చుట్ట నాకిస్తే షికాగో పోస్టు చేస్తా, నలిగిపోకుండా గొట్టంలో పెట్టించండి.

పొణికి_చెక్క
గొట్టం నేను చేసిస్తా. మా చెక్క తేలిక.

సరుకు_రవాణా
చెక్క గొట్టమైతే ముద్ర...

తెనాలి_తుంటరి
అట్టగొట్టం చాలు స్వామీ!

కొత్తపేట_కోడలు
అన్నీ బానే ఉన్నాయి కానీ అసలు గడప ఏమైంది బాబాయ్ గారూ? ఇల్లు పడగొట్టేశారా?

బ్రాడీపేట_బాబాయ్
పడగొట్టారు. గడప, పైకమ్మీ ఊడదీయించి తెచ్చుకున్నా. అపార్టుమెంటు పూర్తయ్యాక మా ఫ్లాటు గుమ్మానికి పెడదామంటే బిల్డరు కొలిచి చూశాడు. గుమ్మం మూడున్నర అడుగులు, గడప అయిదు. కోయిద్దామన్నాడు. అమ్మ ఒక చూపు చూసింది, వెళ్లిపోయాడు. అద్దెకున్న ఇంట్లో చోటు లేదు. ప్రస్తుతానికి నా మంచం కింద ఉంది.

తెనాలి_తుంటరి
మరి శుక్రవారం పసుపు?

బ్రాడీపేట_బాబాయ్
రాస్తున్నా. బోర్లా పడుకుని దూరాలి. మొన్న నడుం పట్టేసింది.